టాంపా బేలో సగం రోజు గాలం వేట: గైడ్ సేవపై నా అభిప్రాయం

మార్చి చివరి వారంలో నేనూ మా బావమరిదీ ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఒక గైడ్‌తో నాలుగు గంటల చేపల వేటకు వెళ్ళి వచ్చాము. ఇద్దరికీ కలిపి 500 డాలర్లు తీసుకున్నారు. గాలపు కర్రలు, రీళ్ళు, ఎర, ఐసు అన్నీ అందులోనే వచ్చాయి. గైడ్‌కు ఉన్న లైసెన్సు పడవలోని వారికి కూడా వర్తిస్తుంది కనుక మేము విడిగా కొనవలసిన పని లేకపోయింది. ఇంటికి తెచ్చుకున్నది ఒక్క చేపే అయినా, ఆ డబ్బు తగినదేనని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

టాంపా బే సగటు లోతు పన్నెండు అడుగులకు మించదు. ఒడ్డుల వెంట మోకాలి లోతు నీటిలో సముద్రపు గడ్డి పరచుకొని ఉంటుంది. మన పండుగప్పకు దగ్గరి బంధువైన స్నూక్ చలికి తట్టుకోలేని చేప. నీరు మరీ చల్లబడితే చచ్చిపోతుంది కూడా. అందుకే శీతకాలమంతా నదుల్లోనూ మడ అడవుల వెనుక కాలువల్లోనూ తలదాచుకొని, వసంతంలో నీరు 20 డిగ్రీలు దాటగానే ఆ గడ్డి మీదికి వస్తుంది. విశాఖ వైపు కవ్వళ్ళు అనే చేపల వంటి చిన్న చేపలు కూడా అప్పుడే గుంపులుగా వస్తాయి. తెల్లవారకముందే గైడ్ విసురు వల రెండుసార్లు వేసి, మా కళ్ళ ముందే ఎర తొట్టి నింపారు. నిల్వ ఎర తెచ్చి ఇచ్చే పడవలతో పోలిస్తే ఇది చాలా పెద్ద తేడా.

అసలు పనితనం ఆ తర్వాత కనిపించింది. చేపలుండే చోటికి చాలా దూరంలోనే ఆయన మోటారు ఆపి, పైకి లేపి, దాని మీద ఉన్న చిన్న మంచె ఎక్కి గెడతో పడవను నడిపారు. అడుగు లోతు కూడా అక్కరలేని ఆ పడవ గడ్డి మీదుగా చప్పుడు లేకుండా సాగింది. లోతు తక్కువైన నీటిలో మోటారు శబ్దానికి చేపలు బెదిరిపోతాయి. పైగా మోటారు రెక్క తగిలిన చోట గడ్డి వేళ్ళతో సహా లేచిపోతుంది. పచ్చటి గడ్డి మధ్య తెల్లని ఇసుక గీతలా ఉన్న పాత గాయాన్ని ఆయన ఆగి మరీ చూపించి, అది మానడానికి ఏళ్ళు పడుతుందని చెప్పారు. ఈ శ్రద్ధ చూసే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఆయన చేపను గడియారపు ముల్లుతో చూపిస్తారు: పడవ ముక్కు పన్నెండు. ‘పది గంటల వైపు, నలభై అడుగులు’ అనగానే చూస్తే, రెడ్‌ఫిష్ ఒకటి తల నేలకు దించి పీతల కోసం వెతుకుతూ, నల్ల చుక్క ఉన్న రాగి రంగు తోకను నీటిపైన ఆడిస్తోంది. నా మొదటి విసురు సరిగ్గా దాని తల మీద పడింది. బురద మబ్బు తప్ప ఏమీ మిగలలేదు. ఎర చేప దారికి ఐదారు అడుగులు ముందు పడాలనీ, దాన్ని చేపకు అడ్డంగా లాగాలనీ ఆయన ఓపికగా నేర్పించారు. బావమరిదికి నీటి మెరుపు తప్ప ఏమీ కనిపించడం లేదని తెలిసి, రాగి రంగు పోలరైజ్డ్ కళ్ళద్దాలు తమవే ఇచ్చారు. పోటు మొదలయ్యాక బంగారు రంగు స్పూన్‌కు (చెంచా ఆకారపు లోహపు ఎర) 24 అంగుళాల రెడ్‌ఫిష్ పడింది. అక్కడ 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉన్నదే ఉంచుకోవాలి, అదీ మనిషికి రోజుకు ఒకటే. స్నూక్‌కు కనీసం 28 ఉండాలి. బావమరిది పట్టినది 26 కావడంతో, ఆయన చేతులు తడుపుకొని, చేపను అడ్డంగా పట్టుకొని, దానంతట అది ఈదుకుపోయే వరకు నీటిలోనే ఉంచి వదిలారు.

నా ఫిర్యాదంతా బుకింగ్ చూసే వారి మీదనే. ముందు రోజు ఫోన్ చేసి గాలి గురించి ప్రత్యేకంగా అడిగితే ఏమీ ఇబ్బంది ఉండదన్నారు. తొమ్మిదిన్నరకల్లా గాలి లేచి, నీటి పైభాగం చెదిరి, అడుగున ఏమీ కనిపించకుండా పోయింది. మడ చెట్ల చాటుకు చేరడానికే నలభై నిమిషాలు పట్టాయి. తనను అడిగి ఉంటే రోజు మార్చుకోమని చెప్పేవాడినని గైడ్ బాధపడ్డారు. చలిగాలులు ఇంకా వచ్చిపోతూ ఉండే మార్చిలో ఈ విషయం ముందే చెప్పడం వారి బాధ్యత. పడవలో నీడ కూడా లేదు; చిన్న పిల్లలను తీసుకువెళ్ళవద్దని నా సలహా.

ఆ తీరంలో స్నూక్ వేటకు వసంతపు గడువు ఏప్రిల్ 30తో ముగుస్తుంది. అందుకే ఏప్రిల్ రెండో వారంలో మళ్ళీ వెళ్ళాలనుకొని, ఈసారి నేరుగా ఆయనతోనే మాట్లాడి, పోటు వేళనూ గాలినీ చూసి రోజును ఆయననే నిర్ణయించమన్నాము.