ఈనెపుల్లలా, వైకుంఠపాళా, వామనగుంటలా? ఒకటి, రెండు తరగతుల లెక్కలకు ఏది మేలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ల పిల్లలు చాలామంది బడిలో లెక్కలు ఒడియాలో నేర్చుకుంటారు. ఇంట్లో ‘ముప్పై అయిదు’ అంటాం. ముందు పదులు, తర్వాత ఒకట్లు. బడిలో అదే ‘పంచతిరిశ’. అయిదు ముందు, ముప్పై తర్వాత. విన్న వరసలో రాస్తే 53 అవుతుంది. 29 ఇంకా చిక్కు. ‘అణతిరిశ’లో చెవినిపడేది ముప్పయ్యే, దానికి ఒకటి తక్కువన్నది విడమరిచి చెబితే తప్ప తెలియదు. అందుకని ఇక్కడ ఏ ఆటనైనా ముందు ఒక్క ప్రశ్నతో తూచాలి: పదులు, ఒకట్లు కంటికి విడివిడిగా కనబడుతున్నాయా? అలా చూస్తే ఈనెపుల్లలదే పైచేయి.

కొబ్బరి ఈనెలు 110 ముక్కలు చాలు. చివరికి పోయేకొద్దీ ఈనె సన్నబడుతుంది కాబట్టి మొదలు వైపే 10 సెంటీమీటర్ల చొప్పున కోయాలి, లేకపోతే కట్టలు ఒకటి లావు, ఒకటి సన్నం వచ్చి పిల్లలు లావుదాన్ని ‘ఎక్కువ’ అనుకుంటారు. కోసిన కొసలు గచ్చుమీద అరగదీస్తే గుచ్చుకోవు. కొట్టు రబ్బరు బ్యాండ్లు వేసవికి పెళుసెక్కి తెగిపోతాయి. పాత సైకిల్ ట్యూబును సన్నటి చుట్లుగా కోసుకుంటే ఎక్కువకాలం మన్నుతాయి.

ఆట ఇద్దరిది. పాచిక వేసి వచ్చినన్ని పుల్లలు తీసుకోవాలి. చేతిలో పది కాగానే కట్ట కట్టాలి. ముందు 50 చేరినవాళ్లది గెలుపు. ఆ తర్వాత వెనక్కి: అయిదు కట్టలతో మొదలుపెట్టి, పడినన్ని తిరిగి ఇచ్చేయాలి. అసలు చదువు ఈ రెండో ఆటలోనే ఉంది, ఎందుకంటే కట్ట విప్పకుండా ఇవ్వడం కుదరదు. 42లోంచి 17 తీయమంటే విడిపుల్లలు రెండే ఉంటాయి. ఒక కట్ట విప్పితే 12 అవుతాయి. ఏడు తీస్తే 5, ఒక కట్ట తీస్తే 2 కట్టలు. 25. ‘పక్కింట్లో అప్పు’ అని బట్టీ పట్టించక్కర్లేదు.

తప్పు జరిగేది ఎక్కువగా పెద్దవాళ్ల వల్లే. తొందరకొద్దీ కట్టలు ముందే కట్టి ఇచ్చేస్తారు. అప్పుడు పిల్లకు కట్ట అంటే ఒక వస్తువే. మూడు కట్టలు, నాలుగు పుల్లలు చూసి ‘ఏడు’ అంటుంది. కట్టడం, విప్పడం రెండూ పిల్లే చేయాలి. పలకను రెండు గళ్లు చేసి ఎడమ గడిలో కట్టలు, కుడి గడిలో విడివి రాయిస్తే 40కి సున్నా ఎందుకో కూడా తేలిపోతుంది. ‘పంచతిరిశ’ అని చెప్పి పుల్లలు పేర్చమనండి. ముందు విన్నది అయిదే అయినా దాన్ని కుడి గడిలోనే పెట్టాలి. నాలుక రెండు భాషల్లో తిరిగినా పుల్లలు మారవు.

వైకుంఠపాళి గొప్పతనం వేరు, సంఖ్యల వరస. 2008లో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 1 నుంచి 10 వరకు వరసగా అంకెలున్న పట్టీమీద ఆడిన చిన్నపిల్లలకు సంఖ్యల పరిమాణం బాగా అందింది. రంగుల గళ్లమీద ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. కానీ బజారు పటంలో ఒక మెలిక ఉంది. వరసలు పాములా తిరుగుతాయి, 14కి సరిగ్గా పైన 27 వస్తుంది. పది కలిపితే ఎక్కడికి పోతామో పటం చూపించదు. అన్ని వరసలూ ఎడమనుంచే మొదలయ్యేలా అట్టమీద గీసుకుంటే 14 పైన 24 ఉంటుంది. ఇంకొకటి, 28లో ఉండి 5 పడితే పిల్లలు ఉన్న గడినే ‘ఒకటి’ అని 32లో ఆగిపోతారు. వేలు గడి దాటాకే నోరు తెరవాలి, అదీ ‘ఒకటి, రెండు’ అని కాదు, ‘29, 30’ అని. ఈ ఒక్క మార్పు లేకపోతే అది కాలక్షేపమే. పుల్లలాట నిలదొక్కుకున్నాక దీన్ని మొదలుపెట్టండి.

వామనగుంటలు అయిదారేళ్లవాళ్లకు. 14 గుంటలు, గుంటకు 5 చొప్పున 70 చింతపిక్కలు. గుంటకొక పిక్క జారవిడవడం, ఆఖరిది ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవడం, ఇవి బాగా వస్తాయి. పదుల మాట మాత్రం ఇందులో లేదు, గుంటలో 12 ఉన్నా అది కుప్పే. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే పిక్కలు ముక్కులో పెట్టుకునే ప్రమాదం ఉంది. ఆట అవగానే 70 లెక్కపెట్టించి డబ్బాలో వేయించండి.