కోన్ల డ్రిల్లా, రకరకాల ఆటలా? పిల్లల ఫుట్‌బాల్‌కు ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లు పిల్లల్ని ఫుట్‌బాల్ కోచింగ్‌లో చేర్చేటప్పుడు ముందు ఫీజు అడుగుతారు, తర్వాత టైమింగ్. ఎలా నేర్పుతారని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే.

ఎక్కువ చోట్ల కనిపించేది కోన్ల డ్రిల్. పిల్లలు లైన్లో నిలబడి ఒక్కొక్కరుగా, నేల మీద వరసగా పెట్టిన ప్లాస్టిక్ కోన్ల మధ్య నుంచి బంతిని తీసుకెళ్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నాలుగు రోజుల్లోనే మెరుగైనట్టు కనిపిస్తుంది. కాస్త దగ్గరికెళ్లి చూడండి. పదిమంది లైన్లో ఒక్కో పిల్లాడి కాలికి బంతి తగిలేది కొన్ని సెకన్లే, మిగతాదంతా ఎదురుచూపే. వంతు వచ్చాక కూడా తల కిందికే ఉంటుంది, ఎందుకంటే కోను కదలదు, కాలు అడ్డం పెట్టదు. మ్యాచ్‌లో ఎదురుగా మనిషి వచ్చేసరికి పిల్లాడు తికమకపడతాడు.

రెండో పద్ధతిలో ఒకే పనిని మార్చి మార్చి చేయిస్తారు. ఒకసారి చిన్న బంతి, ఒకసారి ఎడమకాలు, ఒకసారి ఇరుకు చోటు, జట్టుకు ముగ్గురే ఉండే ఆట, మధ్యమధ్యలో ఒంటికాలి గెంతులు, పట్టుకునే ఆటలు. మన కబడ్డీ, తొక్కుడు బిళ్ల కూడా ఇందులో చక్కగా ఇముడుతాయి. ఒకవైపు వెళ్తున్నట్టు చూపి ఇంకోవైపు తప్పించుకోవడం కబడ్డీలో ఉన్నదే కదా!

1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లల్లో కొందరితో మూడడుగుల దూరం నుంచే చిన్న గింజల సంచిని గురిచూసి వేయించారు. మిగతావారితో రెండు, నాలుగు అడుగుల నుంచి వేయించారు. చివర్లో మూడడుగుల పరీక్ష పెడితే, ఆ దూరం నుంచి సాధన చేయని పిల్లలే బాగా వేశారు. అది విసరడమే, ఫుట్‌బాల్ కాదు. అయినా నాకు అది గట్టి ఆధారంగానే కనిపిస్తుంది. మరుసటి ఏడాది షియా, మోర్గాన్ చేసిన ప్రయోగంలో వేర్వేరు పనులను కలగలిపి సాధన చేసినవాళ్లు, ఒక్కోదాన్నే వరసగా చేసినవాళ్లకన్నా సాధన సమయంలో వెనకబడ్డారు, తర్వాత పరీక్షలో ముందున్నారు. తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే. గందరగోళంగా కనిపించే క్లాసు చూసి, “ఇంత ఫీజు కట్టి ఆడుకోవడానికి పంపుతున్నామా?” అంటారు.

హలసూరు పక్కన గౌతమ్‌పురలో పెలే విగ్రహం ఉంది, ఆట మీద అక్కడివాళ్లకు అంత ప్రేమ. సందుల్లో, ఎగుడుదిగుడు నేల మీద ఆడుతూ పెరిగే పిల్లలకు ఈ వైవిధ్యం ఎవరూ నేర్పకుండానే దొరుకుతుంది. మన అపార్ట్‌మెంట్ పిల్లలకు మాత్రం దొరికేది టర్ఫ్ మీద గంటే. అది కూడా లైన్లో గడిచిపోతే బాధగా ఉండదా?

డ్రిల్ వద్దే వద్దనను. బంతిని ఆపడం కూడా రాని పిల్లాడికి, ఎడమకాలు బొత్తిగా సహకరించని పిల్లకు రోజూ పది నిమిషాలు పనికొస్తుంది. ఇంట్లో గోడకేసి కొట్టినా చాలు. రకరకాలుగా చేయించడంలోనూ కోచ్ శ్రద్ధ లేకపోతే అది ఊరికే పరుగులాట అవుతుంది. చిన్నవాళ్లకు ఒకసారికి ఒకే మార్పు ఇవ్వాలి.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకైతే నా ఓటు రెండోదానికే. ట్రయల్ క్లాసులో ఓ పావుగంట ఫోన్ పక్కన పెట్టి, మీ పిల్లాడికి బంతి ఎన్నిసార్లు అందిందో, ఎన్నిసార్లు తలెత్తి చూశాడో గమనించండి. నిలబడే టైమే ఎక్కువైతే కోచ్‌తో మాట్లాడండి, అయినా మారకపోతే వేరేచోట చేర్చండి.