బ్లింకా, హెవెన్ సెంటా: ముందు ఏది చూడాలి?

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ డాక్టర్ హూ అభిమానులు తరచూ పోటీ పెట్టే ఎపిసోడ్లివి. రెండూ స్టీవెన్ మోఫట్ రాసినవే, రెండూ ప్రయోగాలే.

బ్లింక్, 2007: సిరీస్ హీరో డాక్టర్ కనిపించేదే తక్కువ. కథంతా కేరీ మలిగన్ పోషించిన శాలీ స్పారోది. పాత కథ తెలియక్కర్లేదు. రాతి దేవదూతలు మనం చూస్తున్నంతసేపు కదలవు, రెప్ప వేస్తే మీదికొస్తాయి. టెన్షన్ ఖాయం.

హెవెన్ సెంట్, 2015: ఇంచుమించు డాక్టర్‌గా పీటర్ కపాల్డీ ఒక్కరే. నిర్మానుష్యమైన కోట, నెమ్మదిగా వెంటాడే ఆకారం, తన సహచరి క్లారాను పోగొట్టుకున్న దుఃఖం. మొదటి సగానికి ఓపిక కావాలి. కోటలోని ఓ గోడ దగ్గర అసలు విషయం తెలిసినప్పుడు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. నా దృష్టిలో గొప్పది ఇదే. కానీ దీని ముందు ఎపిసోడ్ ఫేస్ ద రేవెన్ చూడకపోతే ఆ బాధ సగమే అందుతుంది.

సిరీస్‌కు కొత్తవాళ్లయితే బ్లింక్. కపాల్డీ డాక్టర్ అలవాటైనవాళ్లయితే హెవెన్ సెంట్, అదీ మధ్యలో ఆపకుండా.