నడుముకు .32 రివాల్వర్, రేంజ్‌కు ఎయిర్ పిస్టల్: రెండూ వాడి చూశాక

మొన్న ఎనుమాముల మార్కెట్‌లో తెలిసిన అడ్తి (కమీషన్ వ్యాపారి) ఆయన అడిగిండు, "అన్నా, గన్ లైసెన్స్ వచ్చింది, దగ్గర పెట్టుకోవడానికి, షూటింగ్ రేంజ్‌లో కాల్చడానికి ఒక్కటే తీసుకుంటే సరిపోతదా?" అని. సరిపోదు. నేను అట్లనే అనుకుని కొన్నాను.

నాది దేశీ .32 రివాల్వర్, ఆరు రౌండ్లది, అంటే ఆరు తూటాలు పడతాయి. కొందరు సినిమాలు చూసి 9 ఎంఎం అడుగుతారు గానీ అది నిషేధిత బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత), మామూలు లైసెన్స్ మీద రాదు. కాబట్టి చివరికి .32 రివాల్వరా, .32 పిస్టలా అన్న దగ్గరే ఆగుతాం. నేను రివాల్వర్ ఎందుకన్నానంటే పిస్టల్‌లో లాగా మ్యాగజైన్ (రౌండ్లు పేర్చే డబ్బా) గొడవ లేదు, ఒక రౌండు పేలకపోయినా మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతది వస్తుంది.

పెట్టుకుని తిరగడానికి చిన్నదే, షర్ట్ వదిలేస్తే కనబడదు. కానీ కారులో కూర్చుంటే నడుములో గుచ్చుతుంది, మే నెలలో వరంగల్ ఎండకు ఆ చెమట సంగతి చెప్పొద్దు. ఒకసారి తోలు కవర్‌లోనే నాలుగు రోజులు వదిలేస్తే తుప్పు మచ్చలొచ్చాయి, తప్పు నాదే, తుడిచి నూనె రాయలేదు.

రేంజ్‌లో మాత్రం పరువు పోయింది. గొట్టం పొట్టిది, గురి చూసే ముందు సైటు వెనక సైటు దగ్గర దగ్గర, చెయ్యి వెంట్రుకంత కదిలితే దెబ్బ ఎక్కడికో పోతుంది. ట్రిగ్గర్ గట్టిగా, బాగా వెనక్కి లాగాలి. హ్యామర్ (రౌండును కొట్టే వెనక సుత్తి) ముందే వెనక్కి లాగి పెడితే తేలికే, కానీ ఎదురుగా ఎవడో కత్తి పట్టుకుని నిలబడితే అదంతా గుర్తుంటుందా? పైగా రౌండ్ల ఖర్చు, లైసెన్స్‌లో రాసినన్నే కొనాలి, అందుకని ప్రాక్టీసే సాగదు.

మా అన్న బిడ్డ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో చిన్న పెల్లెట్లు కొట్టేది) నేర్చుకుంటోంది, మన హైదరాబాద్ ఇషా సింగ్‌కు హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో వెండి పతకం వచ్చిన ఈవెంటే. పోటీలో 75 నిమిషాల్లో 60 పెల్లెట్లు కొట్టాలి, ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు అర కిలో ఉంటే చాలు. చెక్క పిడి చేతి కొలతకు చెక్కినట్టుంటుంది, వేలు ఆనించానో లేదో పేలింది. .177 బోర్, 20 జూల్స్ లోపు శక్తి ఉన్నదైతే లైసెన్సే అక్కర్లేదు. దాన్ని నడుముకు కట్టుకుని తిరగడం మాత్రం అయ్యే పని కాదు, పెట్టె పట్టుకుని పోవాలి. నెల రోజులు దాంతో కొట్టాక నా రివాల్వర్ గురి కూడా కాస్త దారిలోకి వచ్చింది. అందుకే ఆయనకు ముందు ఎయిర్ పిస్టల్ పట్టుకో అని చెప్పాను.

ఇంకో సంగతి, గన్ ఉందని తెలిస్తే పెళ్లి బరాత్‌లో బామ్మర్దులు "బావా, ఒక్కటి గాల్లోకి" అని పీక్కుతింటారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అట్లా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు.

ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. 2023 అక్టోబర్‌లో, సరిగ్గా పత్తి పైసలు చేతులు మారే టైంలో, నాది తీసుకెళ్లి అప్పగించాను. డిసెంబర్‌లో తెచ్చుకునే దాకా పేమెంట్లన్నీ ఆర్‌టీజీఎస్‌లోనే, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపాను, టెన్షన్ లేదు, నడుం నొప్పీ లేదు.