నాచు క్రీము దురదకి పనిచేస్తుందా? వాడి చూసి రాస్తున్నా

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. చేతులు పొడిబారి, పగిలి, దురదపెట్టే ఎగ్జిమాకి ఇది మంచి మాయిశ్చరైజరే, సోరియాసిస్‌కి మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి, 50 గ్రాముల ట్యూబుకి 890 రూపాయలంటే మరీ ఎక్కువ. ఐదుకి మూడు ఇస్తున్నా, అందులోనూ ఎక్కువ భాగం గ్లిజరిన్‌కి పడ్డ మార్కులు.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. సుద్దముక్క పొడి, గిన్నెలు తోమే సబ్బు, మిర్చి సీజన్‌లో యార్డు రోడ్డున వెళ్తే చేతికీ మొహానికీ తగిలే ఆ ఘాటు, అన్నీ కలిసి ఏటా నా కుడిచేతి వేళ్ళని చీల్చి పెడతాయి. కొత్తపేటలో చూపించుకునే స్కిన్ డాక్టరు గారు రాసిన ఆయింట్‌మెంట్ వాడితే తగ్గుతుంది, మానేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

క్రీము కొన్నది విజయవాడ బీసెంట్ రోడ్డులో, ఒక పెద్ద కాస్మెటిక్స్ షాపులో. షాపు పేరు, కంపెనీ పేరు రెండూ రాయడం లేదు. ఇదే రకం క్రీములు ఇప్పుడు చాలామంది తెస్తున్నారు, అట్టపెట్టె మీద మాటలు కూడా అటూ ఇటూగా అవే. కౌంటర్లో అమ్మాయి మేం అడక్కముందే "ఇందులో స్టెరాయిడ్ లేదు మేడమ్, మొత్తం సముద్రపు నాచే, సైడ్ ఎఫెక్ట్స్ అసలుండవు" అని మొదలుపెట్టింది. పక్కన మా ఆడపడుచు ఉంది, తనకి రెండు మోచేతుల మీదా సోరియాసిస్. "తీసుకుందాం వదినా, ఆ ఆయింట్‌మెంట్లు రాసి రాసి చర్మం ఉల్లిపొరలా అయిపోయింది" అంది. ఇక అక్కడ బేరం ఏముంటుంది, రెండు తీసుకున్నాం.

స్టెరాయిడ్ అంటే భయం ఊరికే రాలేదులెండి. తామరకీ, గజ్జికీ, మొటిమలకీ, తెల్లబడటానికీ అన్నిటికీ ఒకటే ట్యూబు చేతిలో పెట్టే మెడికల్ షాపులు మన రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. 2018లో కేంద్రం చాలా రకాల స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అడిగేవాళ్ళెవరు? అలా తెచ్చుకుని ఏడాది పొడవునా రాసుకుని చర్మం పాడుచేసుకున్నాక, "న్యాచురల్" అన్న మాట వినబడగానే ప్రాణం లేచొస్తుంది. డాక్టరు చెప్పినంత కాలం, చెప్పినంత మోతాదు వాడితే అదే స్టెరాయిడ్ మంచి మందే, ఆ సంగతి కౌంటర్లో ఎవరూ చెప్పరు.

సరే, ఇంటికొచ్చాక నా అలవాటు ప్రకారం భూతద్దం పెట్టుకుని వెనకాల చిన్న అక్షరాలు చదివాను. ఇది మీరూ నేర్చుకోవాల్సిన విషయం, ఏ క్రీముకైనా పనికొస్తుంది. పదార్థాల్ని ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా వేస్తారు, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటికి మాత్రం వరస అక్కర్లేదు. ఇందులో మొదట నీళ్ళు, తర్వాత గ్లిజరిన్, షియా బటర్, ఇంకేవో మైనాలు. ఆ తర్వాత ఫినాక్సీఇథనాల్, ఇది క్రీము చెడిపోకుండా వేసేది, మామూలుగా ఒక శాతం దాటనివ్వరు. మన నాచు సారం ఎక్కడుందయ్యా అంటే దానికీ కింద! అంటే మహా అయితే ఒక శాతం, అంతకంటే తక్కువైనా కావచ్చు. దానికి కిందే సువాసన కోసం వేసిన పెర్ఫ్యూమ్. ఎగ్జిమా ఉన్నవాళ్ళు మొదట మానాల్సింది పెర్ఫ్యూమే, అలాంటిది ఎర్రబడిన చర్మం కోసమని అమ్మే క్రీములో అదెందుకో నాకు అర్థం కాలేదు. ఇంకో సంగతి, పెట్టె మీద ఎక్కడా "ఎగ్జిమా తగ్గిస్తుంది" అని ఉండదు, "ఎర్రబడిన చర్మానికి ఉపశమనం" అనే ఉంటుంది. కాస్మెటిక్ లైసెన్సు మీద తయారైన క్రీము జబ్బు నయం చేస్తానని చెప్పకూడదు మరి. నోటితో చెప్పడానికి కౌంటర్లో అమ్మాయి ఉందిగా.

నాచులో అసలు ఏమీ లేదా అంటే, ఉంది. ఇక్కడ కంపెనీవాళ్ళని పూర్తిగా కొట్టిపారేయలేం. గోధుమరంగు సముద్రపు నాచుల్లో ఫ్యూకాయిడాన్ అని గంధకం కలిసిన ఒక పాలీశాకరైడ్ (చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థం) ఉంటుంది, దాన్ని 1913లో స్వీడన్‌కి చెందిన కైలిన్ అనే శాస్త్రవేత్త వేరు చేశాడు. అవే నాచుల్లో ఫ్లోరోటానిన్లు, ఫ్యూకోజాంథిన్ అనేవీ ఉంటాయి. స్పిరులినా అనే నీలి-ఆకుపచ్చ నాచులో నీలంగా ఉండేది ఫైకోసయనిన్. ల్యాబులో పెంచిన కణాల మీదా, చర్మం మీద కావాలని ఎగ్జిమా తెప్పించిన ఎలుకల మీదా వీటిని వేసి చూస్తే, వాపుకి కారణమయ్యే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి ప్రోటీన్లు తగ్గాయని చాలా పరిశోధనలు వచ్చాయి, కొరియా, జపాన్ వాళ్ళు దీని మీద గట్టిగానే పనిచేస్తున్నారు. మనుషుల మీద పెద్ద ఎత్తున చేసినవి మాత్రం చాలా తక్కువ. పైగా చర్మం పై పొర దాటి లోపలికి పోవాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువుకి వాడే కొలత) లోపు ఉండాలని డెర్మటాలజీలో ఒక లెక్క ఉంది. ఫ్యూకాయిడాన్ బరువు వేలల్లో, లక్షల్లో ఉంటుంది. ఎగ్జిమాలో చర్మం ఎలాగూ పగిలి ఉంటుంది కాబట్టి కొంత దిగుతుందేమో అనుకున్నా, ఒక శాతం దాటని సారంలో దిగేదెంత?

ఇంకో తమాషా వినండి. వాపు తగ్గించే మందుల్ని పరీక్షించడానికి 1962 నుంచి ఒక పద్ధతి వాడుకలో ఉంది. ఎలుక పాదంలోకి క్యారజీనన్ ఎక్కించి కావాలనే వాపు తెప్పిస్తారు, మందిచ్చి అది ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ క్యారజీనన్ ఎర్రరకం సముద్రపు నాచు నుంచి తీసేదే! తమిళనాడులో మండపం, రామేశ్వరం వైపు పెంచే కప్పాఫైకస్ నాచు ముఖ్యంగా దానికోసమే. క్రీముల్లో చిక్కదనానికి కూడా దాన్ని వేస్తారు, పైన రాసుకుంటే అలా వాపేం రాదు, కంగారుపడకండి. కానీ నాచు అనగానే వాపు తగ్గిస్తుందని చెప్పేవాళ్ళని ఏ నాచు, అందులో ఏ పదార్థం, ఎంత వేశారు అని అడగాలి కదా. వైద్యంలో నాచు నిజంగా నిలబడిన చోటు ఒకటుంది, రసి కారే పుళ్ళకి ఆస్పత్రుల్లో వేసే ఆల్జినేట్ కట్లు. అవి గోధుమ నాచు నుంచి తీసిన జిగురుతో చేసినవే.

వాడకం సంగతికొస్తే, లేత ఆకుపచ్చ రంగు, ముంజెలా వణికే జెల్. పగుళ్ళ మీద పడగానే ఒక్క నిమిషం చుర్రుమంటుంది, తర్వాత చల్లగా ఉంటుంది. ఆరాక చర్మం మీద పల్చటి పొర కడుతుంది, ఆ పొరే దీనిలో ఉన్న అసలు గుణం, తేమని పోనివ్వదు. రాత్రి గిన్నెలు కడిగి, చేతులు పూర్తిగా ఆరకముందే రాసుకుని పడుకుంటే పొద్దున వేళ్ళు మడిస్తే చీలడం లేదు, రాత్రుళ్ళు గోకడం కూడా తగ్గింది. ఎరుపు మాత్రం డాక్టరు గారి మందుతోనే తగ్గింది. పగలు రాసుకుంటే చిక్కే, మన ఉక్కపోతకి చెమట పట్టి పొర అంతా ఉండలు కడుతుంది, దాని మీద సుద్దపొడి పడితే చేతులు చూసి పిల్లలు నవ్వుకున్నారు.

మా ఆడపడుచుకి మోచేతుల మీద పొలుసులు కాస్త మెత్తబడ్డాయి, అంతే. మచ్చలు అలాగే ఉన్నాయి, మందం తగ్గలేదు. తనని మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపించాను. నా డాక్టరు గారికి ట్యూబు చూపిస్తే చదివి, "మాయిశ్చరైజర్‌లా రాసుకో అమ్మా, తప్పులేదు. మందు మాత్రం నేను మానమన్నప్పుడే మాను" అన్నారు. మెడికల్ షాపులో దొరికే మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ కూడా రాత్రిపూట ఇదే పని చేస్తుందట, దాని ధర మీకు తెలిసిందే. జిడ్డు పడనివాళ్ళకి ఈ జెల్ హాయిగా ఉంటుంది, తేడా అంతవరకే.

ట్యూబుతోపాటు స్పిరులినా బిళ్ళలు, కెల్ప్ (ఒక రకం గోధుమ సముద్రపు నాచు) బిళ్ళలు కూడా అంటగట్టబోయారు, అవి తీసుకోలేదు. కెల్ప్‌లో అయోడిన్ బాగా ఎక్కువ, థైరాయిడ్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు, మన ఇళ్ళల్లో థైరాయిడ్ లేని ఆడవాళ్ళు ఎంతమంది చెప్పండి. స్పిరులినా రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది, డెర్మటోమయోసైటిస్ (చర్మం, కండరాలు వాచే జబ్బు) లాంటి ఆటోఇమ్యూన్ చర్మ జబ్బులు, అంటే ఒంటి రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే తిరగబడేవి, అది వేసుకున్నాక ఎక్కువైన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. పైన రాసుకునే దానికి ఈ గొడవ లేదు గానీ, మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూశాకే మిగతా చోట్ల రాయండి, పెర్ఫ్యూమ్ ఉంది కాబట్టి.

పెర్ఫ్యూమ్ లేని రకం, నాచు సారం ఎంత శాతమో ట్యూబు మీద వేసింది, 300 లోపు వస్తే మళ్ళీ కొంటాను. పసిపిల్లలకి రాయొచ్చా అని మాత్రం నన్ను అడగకండి, వాళ్ళని పిల్లల డాక్టరుకే చూపించండి.