పాఠ్యపుస్తకంలో ఫొటో మేలా, గీసిన పటం మేలా?

విజ్ఞానశాస్త్ర పాఠంలో ఫొటో వేయాలా, పటం గీయాలా అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చూపేది ఫొటోయే కనుక అదే మేలని చాలామంది తడుముకోకుండా చెబుతారు. సూక్ష్మదర్శిని కింద తీసిన ఉల్లిపొర ఫొటోను మొదటిసారి చూస్తున్న విద్యార్థి పక్కన కూర్చుంటే ఆ నమ్మకం సడలుతుంది. ఇటుకల్లా పేర్చినట్టున్న కణాల కంటే ముందు, నల్లటి అంచుతో గుండ్రంగా ఉన్న గాలిబుడగ మీద అతని చూపు పడుతుంది. ఏది చూడాలో, ఏది వదిలేయాలో ఫొటో చెప్పదు. పటం గీసినవారు బుడగను తీసేసి, కణకవచాన్నీ కేంద్రకాన్నీ రిక్తికనూ మాత్రమే మిగులుస్తారు. అందుకే నిర్మాణాన్ని మొదటిసారి పరిచయం చేసేటప్పుడు నా ఓటు పటానికే.

అయితే పటాన్ని చదవడమూ నేర్చుకోవలసిన విద్యే. గుండె పటంలో ఎడమ జఠరిక మనకు కుడివైపున ఉంటుంది, ఎందుకంటే ఆ గుండె మనకు ఎదురుగా నిలబడిన మనిషిది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తానికి నీలం రంగు వేస్తారు కానీ, అది నిజానికి ముదురు ఎరుపే. ఆహార గొలుసులో గడ్డి నుంచి మిడతకు గీసిన బాణం శక్తి ఎటు వెళుతోందో చెబుతుంది. దాన్ని 'తింటుంది' అని చదువుకుంటే గడ్డే మిడతను తిన్నట్టవుతుంది. అదే బాణం మరో పుటలో బలాన్ని, ఇంకో పుటలో విద్యుత్ ప్రవాహాన్ని సూచిస్తుంది. ఇన్ని అర్థాలున్న గుర్తును వివరణ లేకుండా వదిలేయడం నాకు సబబుగా తోచదు.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది సౌరకుటుంబం పటం. భూమిని 1 సెంటీమీటరు చుక్కగా గీస్తే, సూర్యుణ్ణి దాదాపు 109 సెంటీమీటర్ల వెడల్పున, సుమారు 117 మీటర్ల దూరంలో గీయాలి. పైగా ఏటవాలుగా చూసినట్టు గీయడం వల్ల భూకక్ష్య బాగా సాగినట్టు కనబడి, భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడే వేసవి వస్తుందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లకు, వచ్చేది జనవరిలో. జులైలో ఆ దూరం సుమారు 15.2 కోట్లు. ఇక్కడ ఫొటో ఆదుకోలేదు కనుక పటమే గతి, కానీ కొలత ప్రకారం గీయలేదన్న మాట దాని పక్కనే ఉండాలి.

ఆకు మీది తెగులునో, రాతి రకాన్నో గుర్తుపట్టవలసిన చోట మాత్రం ఫొటోకు సాటి లేదు. వీలైన చోట రెండింటినీ ఒకే పరిమాణంలో, ఒకే వైపు తిప్పి, పక్కపక్కన వేసి, భాగాల పేర్లను ఆ భాగాల దగ్గరే రాయడం ఉత్తమం. ఫొటో అయినా ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టు కాదు: ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇచ్చేది నలుపు తెలుపుల చిత్రమే, అందులో మెరిసే రంగులు తరువాత అద్దినవి. ఆ సంగతి కూడా ఫొటో కింద ఒక ముక్క రాయాలి.