పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ అనుమానం: ఆన్‌లైన్ డాక్టరా, కాకినాడ బస్సా?

నాకు ముప్పై ఆరో ఏట ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం లాంటి లక్షణాలుండే సమస్య) ఉందని తేలింది. ఆ సంగతి రాసినప్పటి నుంచి అమలాపురం, రాజోలు వైపు వాళ్లు ఒకటే అడుగుతున్నారు: "ఫోన్‌లో వీడియోలో చూపించుకుంటే సరిపోదా అండీ? కాకినాడ దాకా వెళ్లాలా?" నేను రెండూ చేశాను కాబట్టి చెబుతాను.

ఆన్‌లైన్‌లో సుఖం ఉంది, కాదనను. అంబాజీపేటలో కొబ్బరి లెక్కలు చూసే నాకు పగలు సెలవు దొరకదు. రాత్రి ఎనిమిదింటికి గది తలుపు వేసుకుని మాట్లాడాను. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లిందట అని ఊళ్లో చెప్పుకుంటారనే టెన్షన్ కూడా లేదు. ఆ ఒక్క భయంతోనే ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆ ఇరవై నిమిషాల్లో ఆన్‌లైన్ డాక్టరు అడిగినవన్నీ ఇప్పటి సంగతులే. పనులు సగంలో వదిలేస్తారా, వస్తువులు పోగొడతారా, ఇలాగ. నిద్ర చాలకపోయినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్‌లో ఉన్నా ఎవరైనా వీటికి అవుననే అంటారు. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే లక్షణాల్లో కొన్ని పన్నెండేళ్ల లోపే కనిపించి ఉండాలి. అదీ ఒక్క ఇంట్లోనే కాదు, బడిలోనో మరో చోటో కూడా. నా మటుకు అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. నా ఎనిమిదో ఏటి సంగతి నాకేం గుర్తు? గుర్తున్నది అమ్మకి.

కాకినాడకి అమ్మని తీసుకెళ్లాను. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా బస్సులో. డాక్టరుగారు నన్ను ఆపి, "మీరు చెప్పండమ్మా, చిన్నప్పుడు ఎలా ఉండేది?" అని అమ్మనే అడిగారు. "కొట్టుకి పంపితే లాకుల దగ్గర నీళ్లు చూస్తూ కూర్చునేదండీ. చేతిలో డబ్బులు ఏమయ్యాయో దానికే తెలీదు. పలక ఎన్నిసార్లు కొన్నామో! అల్లరి మాత్రం లేదు, అందుకే మాస్టార్లు ఏమీ అనేవారు కాదు" అంది. రోజూ అలాగేనా, ఎప్పుడైనా ఒకసారా అని డాక్టరుగారు తిరిగి తిరిగి అడిగారు. అల్లరి చేయని ఆడపిల్లల్లో ఇది ఇలాగే కనపడకుండా పోతుందని చెప్పారు. థైరాయిడ్ పరీక్ష రాశారు, బీపీ, నాడి చూశారు.

అమ్మ లేనివాళ్లు అక్కనో మేనమామనో తీసుకెళ్లండి. పాత ప్రోగ్రెస్ కార్డు దొరికినా మంచిదే.

రెండో తేడా మందుది. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న రకం. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం దాన్ని ఆన్‌లైన్‌లో రాయకూడదు. చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులోనే అమ్మాలి కాబట్టి మన చిన్న ఊళ్లలో అంత తేలిగ్గా దొరకదు. ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు అటమాక్సెటిన్‌కి ఆ నిషేధం లేదు. కానీ అది గంటలో పనిచేసే రకం కాదు, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాకు ఏది సరిపోయిందో కావాలనే రాయడం లేదు, ఎవరి ఒంటి తత్వం వాళ్లది. రెంటికీ బీపీ, నాడి చూస్తూ ఉండాలి. అందుకే మొదటిసారి ఎదురుగా కూర్చుని చూపించుకోండి అంటాను. కౌన్సెలింగ్‌కి మాత్రం ఇప్పుడు నేను ఫోనే వాడుతున్నాను.

హైదరాబాద్, బెంగళూరు దాకా వెళ్లడం చాలామందికి అక్కర్లేదు. నెట్‌లో దొరికే ఆరు ప్రశ్నల పరీక్ష అనుమానం వరకే, అది నిర్ధారణ కాదు. ఎటూ తేల్చుకోలేకపోతుంటే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కాకినాడ వెళ్లదలిస్తే పొద్దున్న ఓపీకి అందేలా తొలి బస్సు ఎక్కండి. బస్సులోనే అమ్మని మీ చిన్నప్పటి సంగతులు అడగడం మొదలుపెట్టండి. యానాం వచ్చేసరికి మా అమ్మకి మరో నాలుగు గుర్తొచ్చాయి.